రుసుము చెల్లించి వేయించు పత్రికా ప్రకటన: దానివలన వెబ్‌సైటుకు జనము వత్తురా?

క్రొత్తగా ఒక వ్యాపారమును ప్రారంభించి, దానికొక వెబ్‌సైటు ఏర్పరచుకొన్నవారికి కొలది దినములలోనే ఒక విధమైన ఉత్తరములు వచ్చుట మొదలిడును. తమకు ఇన్ని వేల రూపాయలు చెల్లించినచో, ఆ సంస్థను గూర్చిన వార్తను వందలకొలది వార్తా వెబ్‌సైట్లలో ప్రచురింపజేసెదమనియు, దానిని కోట్లమంది చూతురనియు, వారిలో వేలమంది ఆ సంస్థ వెబ్‌సైటునకు తరలి వత్తురనియు ఆ ఉత్తరముల సారాంశము. ఈ మాట నమ్మదగినదా? ఆ ధనము వ్యయము చేయదగినదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే నేటి ప్రసంగ విషయము.

ఇది పెద్ద పరిశ్రమలకు మాత్రమే సంబంధించిన ప్రశ్న యని శ్రోతలు తలపవలదు. ఆత్రేయపురమునుండి పూతరేకులు పంపు ఇల్లాలును, పోచంపల్లిలో చీరలు నేయించు కుటుంబమును, హైదరాబాదులో ఒక చిన్న గదిలో పాఠములు చెప్పు యువకుడును నేడు వెబ్‌సైట్లు పెట్టుకొనుచున్నారు. అంగడి తెరచినవానికి బేరము రావలెను. వెబ్‌సైటు పెట్టినవానికి చూపరులు రావలెను. లక్షలు గలవారు పదివేలు పోగొట్టుకొన్నచో అది వారి లెక్కలలో ఒక పంక్తి మాత్రమే. చిన్న సంసారమున అదే పదివేలు రెండు నెలల సరకుల పెట్టుబడి. కనుక ఈ విచారణ మన ఇండ్లకు చాల దగ్గరి విచారణ.

ముందుగా పత్రికా ప్రకటన యననేమో తెలిసికొందము. మన విలేకరులు దీనిని ప్రెస్ నోటు అందురు. ఒక సంస్థ తన విషయమును తానే వార్తారూపమున వ్రాసి పత్రికలకు పంపునదే ప్రెస్ నోటు. ఇది వ్యాపార ప్రకటన కాదు. వ్యాపార ప్రకటనకు స్థలము కొనవలెను. కొన్న స్థలములో మనము చెప్పినది చెప్పినట్లు అచ్చగును. ప్రెస్ నోటు సంపాదకుని బల్ల మీదికి పోవు మనవి వంటిది. వేయుటయు, మానుటయు, కుదించుటయు, మరి నాలుగు ప్రశ్నలు అడిగి నిజము రాబట్టుటయు ఆయన ఇష్టము.

దీని చరిత్ర కొంత తెలిసినచో విషయము స్పష్టపడును. 1906వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన అమెరికాలో అట్లాంటిక్ సిటీ సమీపమున పెన్సిల్వేనియా రైలు కంపెనీ వారి బండి యొకటి వంతెన మీదినుండి నీటిలో పడగా 50 మందికి పైగా మరణించిరి. అట్టి సమయములందు కంపెనీలు విషయమును దాచుటయే అంతవరకు వాడుక. కాని ఆ కంపెనీకి సలహాదారుగా నున్న ఐవీ లీ అనునాతడు జరిగినదంతయు వ్రాసి పత్రికలకు పంచెను. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ ప్రకటనను ఉన్నదున్నట్లు ప్రచురించెను. పత్రికా ప్రకటనల చరిత్రను దీనితోనే ప్రారంభించువారు పలువురు కలరు.

అదే సంవత్సరము లీ తన నియమములను సంపాదకులకు తెలియజేసెను. అందు గుర్తుంచుకొనదగిన మాట యొకటి కలదు. తాము పంపునది వార్త మాత్రమేననియు, అది పత్రికయొక్క వ్యాపార విభాగమునకు పోవలసిన సరకుగా సంపాదకునకు తోచినచో దానిని ఉపయోగింపవద్దనియు ఆయన చెప్పెను. అనగా ప్రెస్ నోటునకు విలువ నిచ్చునది సంపాదకుని కత్తెర. కాదనుటకు అధికారము గలవాడు ఔననినప్పుడే ఆ ఔననుటకు గౌరవము. ఈ ఒక్క సూత్రమును చేతబట్టుకొన్నచో, తరువాతి చిక్కులన్నియు సులభముగా విడిపోవును.

1954లో హెర్బర్ట్ మషెల్ అనునాతడు న్యూయార్కులో పి.ఆర్. న్యూస్‌వైర్ సంస్థను స్థాపించెను. 1961లో లారీ లోకీ అనునాతడు శాన్‌ఫ్రాన్సిస్కోలో బిజినెస్ వైర్ సంస్థను స్థాపించెను. ఇవి రుసుము పుచ్చుకొని కంపెనీల ప్రకటనలను టెలిప్రింటరు తీగల మీదుగా పత్రికా కార్యాలయములకు ఒకేసారి అందజేయుచుండెడివి. ఇచ్చట రుసుము దేనికి? మోతకూలికి మాత్రమే; ముద్రణకు కాదు. తపాలా బిళ్ళ కొన్నంతమాత్రమున ఉత్తరమునకు ప్రత్యుత్తరము కొన్నట్లు కాదు గదా. తీగకు ఆవలి కొసయందు కత్తెర పట్టుకొని సంపాదకుడు యథాప్రకారము కూర్చుండియే యుండెను.

అంతర్జాలము వచ్చిన తరువాత ఈ వ్యవస్థ తలక్రిందులైనది. ప్రకటన పత్రికా కార్యాలయమునకు చేరుటతో ఆగక, నేరుగా లోకమునకు కనబడు వెబ్‌సైట్ల మీదికి ఎక్కజొచ్చెను. 1997లో ప్రారంభమైన పి.ఆర్. వెబ్ వంటి సంస్థలు తక్కువ రుసుమునకే ఈ సౌకర్యమును చిన్న వ్యాపారులకు అందుబాటులోనికి తెచ్చినవి. నేడు ఒక పంపిణీ సంస్థకు రుసుము కట్టినచో, ఒప్పందము చేసికొన్న వార్తా వెబ్‌సైట్లలో ఆ ప్రకటన ప్రతి యొకటి యంత్రవశమున తనంత తాను వచ్చి కూర్చుండును. దానిని ఎవరును చదివి ఒప్పుకొనలేదు, ఎవరును దిద్దలేదు. కత్తెర పోయినది. కత్తెరతోపాటు అది ప్రసాదించు గౌరవమును పోయినది. మిగిలినది పేరు మాత్రమే.

మన దేశమున ప్రభుత్వ ప్రకటనలు వెలువరించు ప్రెస్ ఇన్‌ఫర్మేషన్ బ్యూరో 1919లోనే ప్రారంభమైనది. దాని ప్రకటనలను పత్రికలు ఉచితముగా గ్రహింపవచ్చును. ప్రైవేటు సంస్థలు మూల్యమిచ్చి పంపు ప్రకటనల మార్గము వేరు. ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా వంటి ప్రముఖ వార్తాసంస్థలు కూడ అట్టివానిని పంపిణీ చేయునప్పుడు, ఇది ఒప్పందముపై వచ్చిన ప్రకటన యనియు, దీని విషయమున తమ సంపాదక వర్గమునకు బాధ్యత లేదనియు అడుగున వ్రాయుచున్నవి. ఆ చిన్న అక్షరముల పంక్తిని శ్రోతలు ఒకమారు శ్రద్ధగా చదువవలెను. డబ్బు పుచ్చుకొన్నవారే ఇది మా మాట కాదని చెప్పుచుండగా, డబ్బిచ్చినవారు మాత్రము ఫలానా పత్రిక మమ్ము మెచ్చినదని చెప్పుకొనుట ఎట్లు?

సరే, గౌరవము సంగతి తరువాత చూతము. అమ్మువారు చేయు వాగ్దానములు ముఖ్యముగా మూడు. ఒకటి, జనము వత్తురు. రెండు, గూగుల్ వంటి శోధనయంత్రములలో మన పేరు పైకి వచ్చును. మూడు, మనకు ప్రతిష్ఠ కలుగును. ఒక్కొక్కదానినే పరీక్షింతము.

మొదటిది జనము. ప్రకటన పంపిణీయైన మరునాడు మనకొక నివేదిక వచ్చును. అందు రెండు మూడు వందల వెబ్‌సైట్ల పేర్లును, వాని ప్రక్కన పెద్ద పెద్ద సంఖ్యలును ఉండును. క్రింద వాని మొత్తము: ఇన్ని కోట్లమంది పాఠకులు! ఈ సంఖ్య ఎట్లు వచ్చినది? ఆయా వెబ్‌సైట్లను నెల మొత్తము మీద చూచువారి సంఖ్యల నన్నింటిని కూడగా వచ్చినది. మన ప్రకటనను చదివినవారి సంఖ్య కానే కాదు. ఒక రేడియో కేంద్రము ప్రసార పరిధిలో రెండు కోట్ల జనాభా యున్నదనుకొనుడు. నేడు నేను చేయుచున్న ఈ ప్రసంగమును రెండు కోట్లమంది విన్నారని నేను చెప్పుకొన్నచో మీరు నవ్వుదురు గదా! పరిధి వేరు, వినికిడి వేరు. ఆ నివేదికలు పరిధిని చూపి వినికిడికి వెల కట్టుచున్నవి.

అంతియే కాదు. ఆ ప్రతులు ఆయా వెబ్‌సైట్ల ముఖపత్రమున ఉండవు. ప్రెస్ రిలీజులకని ప్రత్యేకించిన ఒక మారుమూల విభాగమున ఉండును. పాఠకుడు ముఖపత్రమునుండి దారి వెదకుకొనుచు పోయినను అచ్చటికి చేరుట దుర్లభము. ఎన్నికల వార్తకో, క్రికెట్టు వార్తకో వచ్చినవాడు ఆ మూలకు పనిగట్టుకొని ఏల పోవును? పోయినవాడు చదువవలెను, చదివినవాడు మన లంకెను నొక్కవలెను, నొక్కి వచ్చినవాడు నిలిచి చూడవలెను, చూచినవాడు కొనవలెను. ఈ అయిదు మెట్లలో ప్రతి మెట్టు వద్దను అధిక సంఖ్యాకులు జారిపోవుదురు. పైగా మన వెబ్‌సైటునకు వచ్చినట్లు లెక్కలో కనబడువారిలో కొందరు మనుష్యులే కారు. వెబ్‌సైట్లను తడవిచూచుటకు తిరుగు యంత్రములు.

దీనినొక ఉదాహరణతో లెక్క వేయుదము. ఇది కేవలము ఊహించిన లెక్క యని మనవి. పూతరేకులు అమ్ము ఇల్లాలు ఒక ప్రకటనకు 20,000 రూపాయలు కట్టినదనుకొందము. ఒక పెట్టెకు ఆమెకు మిగులు లాభము 100 రూపాయలు. ఆ వ్యయము తిరిగి వచ్చుటకే 200 పెట్టెలు అదనముగా అమ్మవలెను. ఆ ప్రకటన వలన 80 మంది వెబ్‌సైటునకు వచ్చిరనుకొందము. ఒక్కొక్క చూపరికి 250 రూపాయలు పడినట్లు. వచ్చిన 80 మందియు తలకొక పెట్టె కొన్నను 8,000 రూపాయలే వచ్చును. వచ్చినవారందరును కొనుట ఏ అంగడిలోను జరుగదు. నివేదికలో కోట్ల సంఖ్య ఉండగా, ఖాతాలో మాత్రము నష్టము మిగులును. కనుక అడుగవలసినది ఎంతమందికి కనబడుననుట కాదు. మన ఖర్చు తీరుటకు ఎన్ని బేరములు కావలెననుట.

రెండవ వాగ్దానము శోధనయంత్రములలో పై స్థానము. ఇది కొంత సూక్ష్మమైన విషయము గనుక నిదానముగా చెప్పెదను. 1998లో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ అను ఇద్దరు యువకులు గూగుల్‌ను స్థాపించినప్పుడు వారి పద్ధతికి మూలమైన భావము సామాన్యమైనదే. ఒక పుటకు ఇతర పుటలనుండి ఎన్ని లంకెలు వచ్చుచున్నవో, ఆ లంకె నిచ్చిన పుటలు ఎంత గౌరవము గలవో చూచి దాని యోగ్యతను నిర్ణయించుట. అనగా లంకెను ఒక సిఫారసు ఉత్తరముగా గ్రహించిరి. పెద్దమనిషి వ్రాసియిచ్చిన సిఫారసునకు ఎక్కువ విలువ.

విలువ గల వస్తువు ఎచ్చట నుండునో అచ్చట దాని నకలు పుట్టును. వార్తా వెబ్‌సైట్లలో ప్రతులు వేయించుకొన్నచో ఒక్కసారిగా వందల సిఫారసులు వచ్చునని వ్యాపారులు కనిపెట్టిరి. ప్రకటనలలో వార్త యేమియు లేకున్నను, తమకు కావలసిన పదములకు లంకెలు తగిలించి పంపజొచ్చిరి. కొంతకాలము ఇది ఫలించినది కూడ. నేటికిని ఈ సరకు అమ్ముడుపోవుటకు ఆ పాత కీర్తియే కారణము.

కాని తన సిఫారసును తానే వ్రాసికొని, దానికి నూరు నకళ్ళు తీయించినచో అది నూరుగురి సిఫారసు కాదు గదా! శోధనయంత్రములవారు దీనిని గ్రహించుటకు ఆలస్యము కాలేదు. 2005 జనవరిలోనే ఒక లంకెను సిఫారసుగా లెక్కింపవద్దని సూచించు నోఫాలో అను గుర్తును ప్రవేశపెట్టిరి. 2012 డిసెంబరులో గూగుల్ ఉద్యోగి మాట్ కట్స్ పత్రికా ప్రకటనలలోని లంకెల వలన స్థానము మెరుగగునని ఆశింపవలదని చెప్పెను. 2013 జులైలో గూగుల్ తన నియమావళిని సవరించి, పలుచోట్ల పంచిపెట్టు ప్రకటనలయందు కావలెనని పదములకు తగిలించిన లంకెలను అక్రమ లంకెల జాబితాలో చేర్చెను. 2014 మే నెలలో పాండా అను విధానము యొక్క నాలుగవ రూపము అమలులోనికి వచ్చినప్పుడు, ప్రకటనల పంపిణీ సంస్థల వెబ్‌సైట్లే శోధన ఫలితములలో చాల క్రిందికి జారినవి. మరు నెలలోనే పి.ఆర్. న్యూస్‌వైర్ సంస్థ పస లేని ప్రకటనలను అరికట్టుటకు క్రొత్త నియమములు చేసికొనవలసి వచ్చెను.

కథ అంతటితో ముగియలేదు. 2019 సెప్టెంబరులో మూల్యము చెల్లించిన లంకెలకు స్పాన్సర్డ్ అను ప్రత్యేకమైన గుర్తును ఏర్పరచిరి. 2024 మార్చిలో మరియొక నియమము ప్రకటించిరి. పేరున్న వెబ్‌సైటు తన గౌరవమును ఇతరులకు అద్దెకిచ్చి, శోధన ఫలితములలో వారిని పైకి తెచ్చుటను అందు నిషేధించిరి. ఆ సంవత్సరము మే నెలనుండి అమలు చేసిరి. ఇరువది యేండ్ల ఈ చరిత్రయంతయు ఒకే దిక్కునకు సాగుచున్నది. కొన్న సిఫారసునకు విలువ తగ్గుచున్నదే కాని పెరుగుట లేదు.

ఇందు మరియొక చిక్కు కలదు. ఒకే వ్యాసము మూడువందల చోట్ల నున్నప్పుడు శోధనయంత్రము సాధారణముగా ఒక్క ప్రతిని ఎంచుకొని తక్కినవానిని ప్రక్కకు నెట్టును. ఆ ఎంచుకొన్న ప్రతి మనది కాక, పెద్ద వెబ్‌సైటువారిది కావచ్చును. మన పేరు వెదకినవాడు మన యింటికి రాక, వారి మారుమూలకు పోవును. మన డబ్బుతో మన వాకిటికి అడ్డముగా మరియొకరి అరుగు కట్టించుకొన్నట్లగును.

మూడవ వాగ్దానము ప్రతిష్ఠ. ఫలానా ఫలానా పత్రికలలో మమ్ము గూర్చి వచ్చినదని ఆ పత్రికల ముద్రలను వెబ్‌సైటుపై వరుసగా పేర్చుకొనువారిని చూచుచున్నాము. తెలియనివారు నమ్ముదురు, తెలిసినవారు ఆ ప్రతిని తెరచి అడుగున నున్న చిన్న అక్షరములను చదువుదురు. చదివిన పిమ్మట ఆ సంస్థ చెప్పు తక్కిన మాటలను కూడ సందేహింతురు. అరువు తెచ్చుకొన్న నగ పెండ్లిపందిటిలో బయటపడినట్లగును.

ఇచ్చట ఒక్క వ్యాపారి లాభనష్టములకంటె పెద్ద విషయమొకటి కలదు. 2000వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన అమెరికాలో ఎమ్యులెక్స్ అను కంపెనీ పేర ఒక దొంగ ప్రకటన ఇంటర్నెట్ వైర్ అను పంపిణీ సంస్థ ద్వారా వెలువడెను. ఆ కంపెనీ అధిపతి రాజీనామా చేసెననియు, లాభముల లెక్కలు తప్పనియు అందు వ్రాసియుండెను. వార్తాసంస్థలు దానిని నమ్మి ప్రసారము చేసినవి. కొలది సేపటిలో షేరు ధర 113 డాలర్ల ప్రాంతమునుండి 43 డాలర్లకు పడిపోయినది. దానిని సృష్టించినవాడు అంతకుముందు ఆ పంపిణీ సంస్థలోనే పనిచేసిన 23 ఏండ్ల యువకుడు. అతనికి కారాగార శిక్ష పడెను. భయపడి ఆ ఉదయమే షేర్లు అమ్ముకొన్నవారి నష్టము మాత్రము నష్టమే.

2012 నవంబరు 26వ తేదీన పి.ఆర్. వెబ్ ద్వారా మరియొక దొంగ ప్రకటన వెలువడెను. గూగుల్ సంస్థ ఐకోవా అను చిన్న వైఫై కంపెనీని 40 కోట్ల డాలర్లకు కొన్నదని దాని సారాంశము. ప్రఖ్యాత వార్తాసంస్థలును దానిని వార్తగా పంపి, పిదప వెనుకకు తీసికొనవలసి వచ్చెను. కత్తెర లేని చోట రుసుమే ప్రవేశపత్రమగును. రుసుము కట్టువాడు నిజము చెప్పుచున్నాడో లేదో ఆ రుసుము చెప్పజాలదు.

మన తెలుగువారికి ఈ పాఠము దూరదేశపు పాఠము కాదు. 2009 సాధారణ ఎన్నికలలో అభ్యర్థులనుండి సొమ్ము పుచ్చుకొని వార్తలవలె ముద్రించిరను ఆరోపణలు ఆంధ్రప్రదేశమునుండియు, ఇతర రాష్ట్రములనుండియు బలముగా వచ్చినప్పుడు, ప్రెస్ కౌన్సిల్ వారు ఇద్దరు సభ్యుల ఉపసంఘమును నియమించిరి. పరంజయ్ గుహా ఠాకుర్తా గారితోపాటు మన తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాస్ రెడ్డి గారును అందు సభ్యులు. 2010లో కౌన్సిల్ తన నివేదికను వెలువరించెను. వార్తయేదో ప్రకటనయేదో పాఠకునకు స్పష్టముగా తెలియవలెననుట ఆ కౌన్సిల్ ప్రవర్తనా నియమములలో ఒకటి. రేడియో వినువారికి ఈ భేదము సుపరిచితమే. వివిధభారతిలో 1967 నవంబరు 1వ తేదీన వ్యాపార ప్రసారములు మొదలైనను, ప్రకటన ఎచ్చట మొదలై ఎచ్చట ముగిసినదో పసిపిల్లలును చెప్పగలిగెడివారు. ఆ గీత చెరగినచో నిజమైన వార్తను కూడ నమ్మువారుండరు. అప్పుడు నిజముగా వార్త గల చిన్న వ్యాపారియే అందరికంటె ఎక్కువ నష్టపోవును.

ఇంతమాత్రమున మూల్యమిచ్చు పంపిణీ యంతయు వ్యర్థమని నా అభిప్రాయము కాదు. దానికి తగిన స్థానము దానికున్నది. షేర్లు మార్కెట్టులో నున్న కంపెనీ తన ముఖ్య విషయములను అందరికి ఒకే సమయమున తెలుపవలెను. మన దేశమున సెబీ వారి 2015 నిబంధనల ప్రకారము స్టాక్ ఎక్స్‌చేంజీలకు తెలుపుట విధి. దానికి తోడు అనేక దేశములలోని ఆర్థిక విలేకరులకు ఏకకాలమున అందవలెనన్నచో పంపిణీ సంస్థ నిజముగా ఉపకరించును. ఒక మందులోనో ఆహారములోనో దోషము కనబడి, అమ్మిన సరకును వెనుకకు రప్పింపవలసి వచ్చినప్పుడు, విషయము వేగముగా వ్యాపించుటయే ముఖ్యము. తమపై పుట్టిన అపవాదును ఖండించుచు తేదీతో కూడిన అధికార పత్రము లోకమున నిలుపవలసి వచ్చినప్పుడును అది పనికివచ్చును. ఈ సందర్భములన్నిటను ఒక సామ్యము కలదు: చెప్పవలసిన వార్త నిజముగా ఉన్నది. వెబ్‌సైటుకు జనమును తోలుకొని వచ్చుట వాని ఉద్దేశ్యము కాదు.

నేడు ప్రశ్నలకు జవాబు చెప్పు కృత్రిమ మేధ యంత్రములు వచ్చినవి గనుక, ప్రకటనలు వేయించినచో ఆ యంత్రములు మీ పేరు చెప్పునని క్రొత్త బేరము కూడ వినబడుచున్నది. వాగ్దానము క్రొత్తదైనను దానిని తూచు త్రాసు పాతదే. ఎన్ని బేరములు వచ్చినవో చూపుమని అడుగుడు.

ఆ త్రాసును గూర్చి రెండు మాటలు. ప్రయత్నించియే చూడవలెనని పట్టుదల గలవారు, ముందు చిన్న మొత్తముతో ఒక్కసారి మాత్రమే చూడవలెను. ప్రకటనలో ఇచ్చు లంకెకు ప్రత్యేకమైన గుర్తు తగిలించినచో ఆ దారిని వచ్చినవారు వేరుగా లెక్కకు వత్తురు. గూగుల్ అనలిటిక్స్, సెర్చ్ కన్సోల్ అను రెండు సాధనములు ఉచితముగానే లభించును. మొదటిది ఎవరు ఏ దారిని వచ్చిరో, రెండవది ఏ పదములు వెదకి వచ్చిరో చూపును. ప్రకటనకు ముందు రెండు వారముల లెక్కను, తరువాతి రెండు వారముల లెక్కను ప్రక్క ప్రక్కన ఉంచుకొనుడు. ఆ వారములలో పండుగలు పడినచో ఆ భేదమును గమనింపుడు. అన్నిటికంటె మేలైన సాధనము మరియొకటి కలదు. కొన్న ప్రతివారిని, మమ్ము గూర్చి మీరు ఎట్లు వింటిరని అడిగి ఒక పుస్తకములో వ్రాసికొనుడు. నెల తిరుగకమున్నే నిజము తేలును.

మరి జనము రావలసినది ఎట్లు? మొదటి మార్గము నిజమైన ప్రెస్ నోటు. దీనికి రుసుము లేదు. మీ జిల్లా విలేకరి పేరు తెలిసికొని, ఒక పుటలో విషయము వ్రాసి, ఒక మంచి ఛాయాచిత్రము జతచేసి పంపుడు. ఎవరు, ఏమి, ఎప్పుడు, ఎచ్చట, ఎందుకు అనునవి మొదటి రెండు వాక్యములలోనే ఉండవలెను. ఆగిపోయిన పది మగ్గములు మీ వలన మరల ఆడుచున్నచో అది వార్త. అంతరించుచున్న ఒక వంటకమును మీరు నిలిపినచో అది వార్త. మీ వెబ్‌సైటునకు రంగులు మార్చితిరనుట వార్త కాదు. నలుగురు విలేకరులకు వ్రాసినచో ఒకరు వచ్చిన వత్తురు. ఆ ఒకరు మీ వాకిట నిలిచి, ప్రశ్నలడిగి, తన పేరుతో వ్రాసిన నాలుగు పంక్తులు యంత్రము వేసిన మూడువందల ప్రతులకంటె మిన్న.

అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక కొయ్యబొమ్మలను తలచుకొనుడు. అంకుడు కఱ్ఱను చెక్కి, లక్కతో, చెట్లనుండి తీసిన రంగులతో మెరుగు పెట్టు ఆ కళకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. 2020 ఆగస్టు 30వ తేదీన ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమైన మన్ కీ బాత్‌లో ఆ బొమ్మలను ప్రస్తావించిరి. ఆ ప్రస్తావనకు ఆ శిల్పులు రుసుము కట్టలేదు. తరతరముల పనియే అచ్చటికి దారి తీసినది.

రెండవ మార్గము వెబ్‌సైటునే ఉపయోగకరముగా చేయుట. పోచంపల్లి చీరను ఎట్లు ఉతుకవలెను, నకిలీని ఎట్లు గుర్తింపవలెను, పూతరేకులు ఎన్ని దినములు నిలువయుండును అని జనము నిత్యము వెదకుచుందురు. వానికి నిజమైన సమాధానమును తేట తెలుగులో వ్రాసియుంచినచో, వెదకినవాడు మీ యింటికే వచ్చును. పదివేల రూపాయల ప్రకటన వారము దినములలో పాతబడును. మంచి సమాధానము ఏండ్ల తరబడి పనిచేయును.

మూడవది సరకును చేతికందించుట. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించి, సంగీత సభలలో దానిని ఉచితముగా పంచిపెట్టిరని ప్రసిద్ధి. ఆంధ్రపత్రికను 1908లో స్థాపించిన మహనీయుడు, పత్రిక బలము తెలిసినవాడు, తన సరకును మాత్రము మొదట మనుష్యుల నొసటికి రాచి చూపెను. రుచి చూచినవాడు మరియొకరికి చెప్పును. ఆ చెప్పుటను ఏ పంపిణీ సంస్థయు అమ్మజాలదు.

కావున నా మనవి ఇది. చెప్పదగిన పెద్ద వార్త యుండి, అది దూరదేశములకు ఒకేసారి చేరవలసిన అవసరమున్నప్పుడు మూల్యమిచ్చి పంపుట తగును. వెబ్‌సైటునకు చూపరులు రావలెనను కోరికతో మాత్రము ఆ ఖర్చు చేయుట చిన్న వ్యాపారికి తగదు. ఆ ఉత్తరము మీ యింటికి వచ్చినప్పుడు పంపినవారిని రెండు ప్రశ్నలు అడుగుడు: మా వంటి వ్యాపారమునకు మీ ప్రకటన వలన ఎన్ని బేరములు వచ్చినవి? ఆ లెక్కను చూపగలరా? సంఖ్య చెప్పి లెక్క చూపినచో ఆలోచింపవచ్చును. కోట్ల పాఠకుల మాట మరల ఎత్తినచో, ఆ సొమ్మును సరకునకు వెచ్చించి, ఇప్పటికే మిమ్ము నమ్మి కొన్నవారికి ఇంకను మేలైన వస్తువును అందింపుడు.